ఓడలో మన మంచం ఎక్కడ?

పద్నాలుగు అంతస్తులు. మూడు ఫుట్‌బాల్ మైదానాలంత పొడవు. రెండు మూడు వేలమంది అతిథులు, వాళ్లకు వండి వడ్డించి పక్కలు సర్దడానికి వెయ్యిమందికి పైగా సిబ్బంది. హోటళ్లు, నాటకశాల, ఈతకొలను, చిన్నపాటి ఆస్పత్రి... మొత్తమ్మీద ఓ ఊరు. రాత్రి ఒక తీరంలో పడుకుని తెల్లారేసరికి మరో తీరంలో నిద్రలేచే ఊరు. క్రూయిజ్ షిప్పు అంటే అదే.

వెళ్లొచ్చినవాళ్లని కదిపి చూడండి. మంచుకొండల గురించి చెబుతారు. తిమింగలాల గురించి చెబుతారు. రోజుకు ఎన్నిసార్లు తిన్నారో లెక్కకట్టి మరీ చెబుతారు. పడుకున్న గది గురించి మాత్రం ఒక్కరూ చెప్పరు. ‘గదిదేముందండీ, నిద్రపోవడానికేగా’ అనేస్తారు. రెండు కాళ్లూ బాగున్నవాళ్లకి అది నిజమే. కానీ ఇంట్లో రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయిన అమ్మ, చక్రాల కుర్చీలో తిరిగే పెద్దమ్మ, ‘పైబెర్తు నాకే’ అని ఇప్పట్నుంచే పోట్లాడుకునే పిల్లలు ఉన్నారనుకోండి... అప్పుడు టికెట్‌కన్నా ముందు గదే కొనాలి.

అలాంటి కుటుంబంతోనే 2024 జూన్‌లో అమెరికాలోని సియాటెల్ నుంచి అలాస్కా వెళ్లాను. ఏడు రాత్రులు. అక్కా బావా అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. అమ్మనీ పెద్దమ్మనీ తీసుకుని నేను వెళ్లాను. వేసవిలో సియాటెల్ చుట్టుపక్కల తెలుగిళ్లకు అమ్మానాన్నలు వస్తే అలాస్కా క్రూయిజ్ దాదాపు తిరుపతి యాత్రలా అయిపోయింది. ఓడెక్కిన మొదటి మధ్యాహ్నమే బఫే దగ్గర వెనకనుంచి ‘ఏవండీ, పెరుగెక్కడుందో చూశారా?’ అన్న మాట వినిపించింది.

మా పెద్దమ్మ సంగతి కొంచెం చెప్పాలి. రిటైరైన లెక్కల టీచర్. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. యాభై దాటేదాకా క్యాలిపర్, చేతికర్రతో నెట్టుకొచ్చింది. ఆ తర్వాత చక్రాల కుర్చీ. పెళ్లిళ్లకూ పుణ్యక్షేత్రాలకూ అందరం కట్టగట్టుకుని వెళ్తుంటే తెనాలి ఇంట్లో పాలవాడికీ పనిమనిషికీ సమాధానం చెప్పే మనిషి ఎప్పుడూ ఆవిడే. ‘మీరెళ్లి రండమ్మా, ఇల్లు చూసే మనిషి ఉండాలిగా’ అనేది. అక్క ఫోన్‌చేసి ఓడ సంగతి చెప్పినప్పుడు కూడా ఆవిడ అడిగింది ఒక్కటే... ‘తలుపు ఎన్ని అంగుళాలే?’

ఇరవైమూడు అంగుళాల సంగతి

నవ్వుకున్నాం కానీ అడగాల్సిన ప్రశ్న అదే. ఓడలో మామూలు కేబిన్ తలుపు సుమారు 23 అంగుళాలుంటుంది. పెద్దమ్మ కుర్చీ వెడల్పు 25. ఇక చెప్పేదేముంది! పోనీ కుర్చీ బయట మడిచిపెట్టి లోపలికి నడిపిద్దామా అంటే, బాత్‌రూమ్ దగ్గర మరో చిక్కు. నీళ్లు గదిలోకి రాకుండా అక్కడ నాలుగైదు అంగుళాల ఎత్తున గడప ఉంటుంది. మన ఇళ్లలో గడపకి పసుపు రాసి బొట్టుపెడతాం. ఓడలో గడప మాత్రం అర్ధరాత్రి మోకాళ్ల నొప్పులవాళ్ల పాలిట శత్రువు. బాల్కనీ తలుపు దగ్గరా ఇలాంటిదే ఇంకొకటి.

అందుకే ప్రతి పెద్ద ఓడలోనూ కొన్ని కేబిన్లను వేరేగా కట్టి ఉంచుతారు. వాటి తలుపు 32 అంగుళాలకు తగ్గదు. గడప ఉండదు, ఉన్నా ఏటవాలు పలక వేస్తారు. లోపల కుర్చీ గుండ్రంగా తిరగడానికి అయిదడుగుల జాగా. బాత్‌రూమ్‌లో గోడకు పట్టుకునే కడ్డీలు, కుర్చీతో నేరుగా వెళ్లేలా చదునైన స్నానాల జాగా, గోడకు మడిచే బల్ల, చేత్తో పట్టుకునే షవర్. పీట మీద కూర్చుని చెంబుతో స్నానం చేసే అలవాటున్న మన పెద్దవాళ్లకి ఈ మడతబల్ల ఎంత హాయో చెప్పలేను. వికలాంగుల గది అనగానే మొహం చిట్లించిన మా అమ్మ రెండోరోజుకల్లా ‘మనింట్లో కూడా ఇలా పెట్టించాలి’ అనడం మొదలుపెట్టింది. చేతి షవర్ వల్ల మరో లాభం ఉంది. మన అమ్మలు అమెరికాలో దిగగానే వెతికే మగ్గు అవసరం చాలావరకూ తీరిపోతుంది. అర్థం చేసుకోండి.

అయితే ‘యాక్సెసబుల్ కేబిన్’ అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు. ఉదాహరణకు కార్నివాల్ కంపెనీ తన ఓడల్లో వీటిని మూడు రకాలుగా విడదీసి చెబుతుంది. మొదటిది పూర్తిస్థాయి గది. మంచానికి రెండు వైపులా కుర్చీ వెళ్తుంది. రెండోది ఒకవైపు నుంచి మాత్రమే మంచం దగ్గరకు వెళ్లగలిగేది. మూడోది కర్రతోనో వాకర్‌తోనో నాలుగడుగులు వేయగలిగినవాళ్ల కోసం. కడ్డీలవీ ఉంటాయి కానీ పూర్తిగా కుర్చీలోనే ఉండేవాళ్లకి పనికిరాదు. మిగతా కంపెనీలు ఇదే సంగతిని వేరే పేర్లతో చెబుతాయి. ఓడ పటంలో చక్రాల కుర్చీ బొమ్మ చూసి డబ్బు కట్టేయకూడదు. ‘ఇందులో ఏ రకం?’ అని అడిగి, సమాధానం రాతలో తెప్పించుకోవాలి. కంపెనీలన్నిటికీ ఇందుకోసం ప్రత్యేక విభాగాలున్నాయి. మామూలు బుకింగ్ నంబర్‌లో దొరికే అబ్బాయికి కేబిన్ ధర తెలుస్తుంది కానీ మంచం పక్కన ఎన్ని అంగుళాల సందు ఉందో తెలియదు.

ఈ గదులు తక్కువ. వేలమంది ఎక్కే ఓడలో పదుల్లోనే ఉంటాయి. వేసవి అలాస్కాకి ఏడాది ముందే అయిపోతాయి. అక్క మా గదిని పదకొండు నెలల ముందు పట్టుకుంది.

కోర్టుకెక్కిన ఓడ

ఇవన్నీ కంపెనీలు దయతలచి పెట్టినవేమీ కాదు. 1998, 99 సంవత్సరాల్లో కొందరు వికలాంగులూ వాళ్ల తోడువాళ్లూ అమెరికాలోని హ్యూస్టన్ రేవు నుంచి ఓడ యాత్రకు టికెట్లు కొన్నారు. ఓడలో మంచి మంచి గదులేవీ తమకు పనికొచ్చేలా లేవని, తమ దగ్గర ఎక్కువ డబ్బు తీసుకున్నారని, ప్రమాదం జరిగితే తప్పించుకునే ఏర్పాట్లు తాము చేరుకోలేనిచోట ఉన్నాయని కోర్టుకెళ్లారు. ఓడ మీద ఎగురుతున్నది బహమాస్ జెండా కాబట్టి అమెరికాలో వికలాంగుల కోసం 1990లో చేసిన చట్టం ఇక్కడ వర్తించదన్నది ఎదుటివైపు వాదన. ‘స్పెక్టర్ వర్సెస్ నార్వీజియన్ క్రూయిజ్ లైన్’ అనే ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2005 జూన్‌లో తీర్పు వచ్చింది. అమెరికా జలాల్లో తిరిగే విదేశీ ఓడలకూ ఆ చట్టం వర్తిస్తుందని కోర్టు తేల్చింది. అయితే ఒక మెలిక పెట్టింది. ఓడ భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ నిబంధనలకు అడ్డువచ్చే మార్పులు చేయనక్కర్లేదంది. నీళ్లను ఆపే గడపల్లాంటివి అందుకే అన్నిచోట్లా మాయం కాలేదు. తర్వాత 2010లో అమెరికా రవాణాశాఖ ఓడల కంపెనీలకు వేరుగా నిబంధనలు పెట్టింది.

పెద్దమ్మకి ఈ కథ చెబితే శ్రద్ధగా విని, ‘ఆ కేసు వేసినవాళ్లకి కాఫీ ఇప్పించాలే’ అంది.

ఒక మంచమా, రెండా?

అసలు తలనొప్పి ఇక్కడ మొదలైంది. ఓడ గదిలో సాధారణంగా రెండు చిన్న మంచాలుంటాయి. విడివిడిగా వేయమంటే వేస్తారు. కలిపి డబుల్‌కాట్‌గా చేయమంటే చేస్తారు. బుకింగ్‌లోనే చెప్పాలి. చెప్పకపోతే చాలా ఓడల్లో కలిపేసే ఉంచుతారు. కొన్ని గదుల్లో, ముఖ్యంగా ఖరీదైన సూట్లలో, ఒకటే పెద్ద పరుపు. దాన్ని విడదీయలేరు. అన్నాచెల్లెళ్లో, అత్తాకోడళ్లో ఒక గది తీసుకున్నప్పుడు ఈ సంగతి ముందే చూసుకోవాలి. అక్కడికెళ్లాక మొహాలు చూసుకుంటే లాభం లేదు.

అమ్మ, పెద్దమ్మ కలిసి ఒక గది. రెండు మంచాలు విడివిడిగా కావాలన్నది అమ్మ కోరిక. తన గురకకి అక్క నిద్రపోదని బెంగ. సరేనని అక్క ఫోన్‌చేసి చెప్పింది. అవతల ఉన్నావిడ మంచి మనిషి. ‘వేస్తాం కానీ ఒక్కమాట’ అని ఆగింది. మంచాలు విడదీస్తే మధ్యలో నడవడానికి దారి వస్తుంది, నిజమే. కానీ రెండూ చెరో గోడకు జరుగుతాయి. కుర్చీ తిరగడానికి ఉంచిన అయిదడుగుల జాగాలో కొంత పోతుంది. పెద్దమ్మ మంచం పక్కకి కుర్చీ చేరుతుంది కానీ వెనక్కి తిప్పుకోవడం కష్టం. మంచం సౌకర్యం పెరిగితే కుర్చీ సౌకర్యం తగ్గుతుందన్నమాట! నేను చదివిన ప్రయాణాల పుస్తకాల్లో ఎక్కడా ఈ ముక్క లేదు.

పోనీ అమ్మ సోఫాలో పడుకుంటుందా? అది లాగితే పక్క అవుతుంది. రాత్రి లాగి వేస్తే దారంతా మూసుకుపోతుంది. పైగా సోఫా ఎత్తు తక్కువ. కొత్త మోకాళ్లతో అంత కిందనుంచి లేవడం ఆవిడవల్ల కాదు.

పెద్దమ్మ కాగితం తెమ్మంది. గది కొలతలు ఈమెయిల్‌లో వచ్చాయి. తెనాలిలో డైనింగ్ టేబుల్ మీద స్కేలుతో గది గీసింది. అగ్గిపెట్టెలు పెట్టి మంచాలు జరిపింది. తనకు కుడికాలూ కుడిచెయ్యీ బలం. కాబట్టి కుర్చీలోంచి మంచం మీదికి జరిగేటప్పుడు మంచం కుడిపక్కన ఉండాలి. తిరిగి కుర్చీలోకి వచ్చేటప్పుడు కుర్చీ అటు తిప్పి పెట్టాలి. ఒకవైపు దారి మాత్రమే ఉన్న గది అయితే ఆ ఒక్కవైపు తనకు పనికొచ్చేదో కాదో ఓడెక్కేదాకా తెలియదు. పైగా లోపలివైపు పడుకున్న అమ్మ రాత్రి లేవాలంటే తనను దాటాలి. లెక్క తేలింది. రెండువైపులా దారి ఉన్న పూర్తిస్థాయి గది, మంచాలు మాత్రం కలిపే ఉండాలి. ‘చిన్నప్పుడు ఒక్క నవారు మంచం మీద నలుగురం పడుకున్నాం. గురకకి నేను భయపడతానా’ అని తీర్పు చెప్పింది.

ఇంకో చిక్కు ఓడెక్కాక బయటపడింది. సూట్‌కేసులు కింద పట్టాలని ఓడలో మంచాలు బాగా ఎత్తుగా వేస్తారు. కుర్చీ సీటుకన్నా మంచం నాలుగంగుళాలు ఎత్తుంది. కిందికి జారడం తేలిక, పైకి జరగడం కష్టం. అమ్మకేమో ఎత్తు ఉంటేనే మేలు, లేచి నిలబడటం సులువు. మా గది చూసే ఇండొనేషియా అబ్బాయి ఇద్దరి మాటా విని, రెండు పరుపులూ వేర్వేరేగా అని గుర్తుచేశాడు. పెద్దమ్మ వైపు పరుపు మీదున్న మందపాటి మెత్తటి పొర తీసేశాడు. అమ్మ వైపు ఉంచేశాడు. దుప్పట్లు కూడా ఒకటి కాకుండా రెండు. మంచం మధ్యలో చిన్న మెట్టులా వచ్చింది. ‘ఇదే సరిహద్దు’ అంది పెద్దమ్మ.

ఇలాంటివి చాలా అడగొచ్చు. అదనపు దిండ్లు, గట్టి పరుపు కావాలంటే కింద చెక్క, మెత్తగా కావాలంటే ఫోమ్ పొర, ఎత్తయిన టాయిలెట్ సీటు, స్నానానికి స్టూలు... చాలా కంపెనీలు డబ్బు తీసుకోవు. ముందే చెప్పాలి, అంతే. నిద్రలో ఊపిరి కోసం సీప్యాప్ మిషన్ వాడేవాళ్లయితే ప్లగ్గు మంచానికి దూరంగా ఉంటుందని గుర్తుంచుకోవాలి. మనం తీసుకెళ్లే సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుని ఓడలో అనుమతించరు. వాళ్లనే వైరు అడగాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు గదిలోని చిన్న ఫ్రిజ్‌ని నమ్ముకోకూడదు. చాలాచోట్ల అది కూల్‌డ్రింకులు చల్లగా ఉంచే పెట్టె మాత్రమే. మందుల ఫ్రిజ్, సూదులు వేసే డబ్బా అడిగితే తెచ్చిపెడతారు. చెవులు సరిగా వినిపించనివాళ్లకి తలుపు కొడితే లైటు వెలిగే పరికరం, అలారం మోగితే పరుపుని కదిపే పరికరం ఉంటాయి. మన ఎలక్ట్రిక్ కుక్కర్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. స్కానింగ్‌లో దొరికితే దిగేదాకా వాళ్ల దగ్గరే ఉంటుంది.

పైబెర్తు రాజకీయం

రైల్లో లోయర్ బెర్తు రాకపోతే ఏం చేస్తాం? ఎదుటి కుర్రాణ్ని బతిమాలతాం. టీటీఈని అడుగుతాం. ఎవరో ఒకరు కరుగుతారు. ఓడలో ఆ పప్పులుడకవు. గది తాళం పడ్డాక అందులో ఉన్నవే మన మంచాలు.

ముగ్గురికీ నలుగురికీ అని అమ్మే గదుల్లో మూడో, నాలుగో పక్కలు చాలావరకూ గోడలోంచో కప్పులోంచో దిగే పైబెర్తులు. నిచ్చెన వేసుకుని ఎక్కాలి. కప్పు తలకు తగిలేంత దగ్గర. డెబ్భై ఏళ్ల తాతగారిని ‘నలుగురి గదిలో ఒక సీటు ఖాళీ ఉంది, రండి’ అని పిలిచేముందు ఆ సీటు ఎక్కడుందో కనుక్కోవడం మర్యాద. పిల్లలకీ నియమాలున్నాయి. ఆరేళ్లలోపు వాళ్లను పైన పడుకోబెట్టొద్దంటాయి చాలా కంపెనీలు. అక్క పెద్దకొడుక్కి తొమ్మిది, చిన్నదానికి అయిదు. చిన్నది పైబెర్తు కోసం రెండు రోజులు ఏడ్చింది.

చివరికి సర్దుబాటు ఇలా కుదిరింది. అక్కా బావా ఒక గదిలో, చిన్నదానికి సోఫా పక్క. పెద్దాడూ నేనూ అమ్మావాళ్ల గదికి ఎదురుగా ఉన్న కిటికీ లేని లోపలి గదిలో. ధర ఇద్దరు మనుషుల లెక్కన వేస్తారు కాబట్టి నేనొక్కదాన్నే తీసుకుంటే దాదాపు రెండో మనిషి డబ్బు కూడా కట్టాల్సివచ్చేది. మేనల్లుడి పుణ్యమా అని అది తప్పింది. చవకగా వస్తుందని ‘గది మీ ఇష్టం, ఏదో ఒకటి ఇవ్వండి’ అనే గ్యారంటీ టికెట్ కూడా ఉంటుంది. ఒంట్లో ఏ ఇబ్బందీ లేని కుర్రాళ్లకి అది భేష్. మాలాంటివాళ్లకి కాదు.

గదిలో ఇంకో మంచం ఖాళీగా ఉన్నా ఒక్కోసారి మూడో మనిషికి ఇవ్వరు. ఎందుకంటే ప్రతి గదికీ ఒక లైఫ్‌బోటు జట్టు ఉంటుంది. ఆ జట్టులో మనుషుల లెక్క నిండిపోతే అంతే. ఇది కాపినం కాదు, ప్రాణాల లెక్క.

ఏ అంతస్తు, ఏ మూల?

కడుపులో తిప్పేవాళ్లకి ఓడ మధ్యభాగం, కింది అంతస్తులు మంచివి. ఉయ్యాల బల్లకి మధ్యలో కూర్చున్నట్టు ఉంటుంది. ముందు కొసనా, పైనా ఊపు ఎక్కువ. మోకాళ్లవాళ్లకీ మధ్యే మేలు, కారణం మాత్రం వేరు. ఓడ పొడవు మూడువందల మీటర్లకు అటూఇటూ ఉంటుందని చెప్పుకున్నాం కదా, ముందుమూల గదిలోంచి వెనకున్న భోజనశాలకి మూడుపూటలా నడిస్తే తిన్నదంతా అక్కడే అరిగిపోతుంది. లిఫ్టుకి దగ్గరగా కావాలి కానీ ఎదురుగా వద్దు, అర్ధరాత్రిదాకా కబుర్లు వినాల్సివస్తుంది. పైన బఫే, ఈతకొలను ఉన్న అంతస్తుకి సరిగ్గా కింద గది తీసుకుంటే తెల్లవారుజామునే కుర్చీలు లాగుతున్న చప్పుడు. పైనా కిందా గదులే ఉన్న అంతస్తు చూసుకోవడం పాత ప్రయాణికుల చిట్కా. అది నిజంగా పనిచేసింది.

బాల్కనీ అవసరమా అని బావ గొణిగాడు. ధర చూస్తే గొణగాల్సిందే. కానీ పెద్దమ్మ కోసం అది పెట్టక తప్పని ఖర్చనిపించింది. గ్లేసియర్ బే చేరిన రోజు అందుకు రుజువు. రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ షిప్పులకు మించి లోపలికి రానివ్వని జాతీయ పార్కు అది. పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడెక్కి, మైకులో ఆ కొండల కథ చెబుతారు. ఓడ ఎక్కడా ఆగదు, ఎవరూ దిగరు. డెక్ మీద మాత్రం జనం మూడు వరసల్లో నిలబడ్డారు. కుర్చీలో కూర్చున్న మనిషికి వాళ్ల వీపులు తప్ప ఏమీ కనిపించవు. పెద్దమ్మ స్వెటర్, శాలువా, కోతిటోపీ పెట్టుకుని ఏటవాలు పలక మీదుగా తన బాల్కనీలోకి వెళ్లింది. రెయిలింగ్ కింద గాజుపలక కావడంతో కూర్చున్నచోటు నుంచే అంతా కనిపించింది. మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ నెమ్మదిగా తన చుట్టూ తాను తిరిగింది, రెండువైపుల గదులవాళ్లకీ కనిపించేలా. నీలంరంగు మంచుగోడలోంచి ఓ ముక్క విరిగి నీళ్లలో పడింది. చూసిన కాసేపటికి ఉరుములాంటి చప్పుడు వినిపించింది. పెద్దమ్మ వేళ్ల మీద సెకన్లు లెక్కపెట్టింది. ‘ఎంత దూరమో తెలుస్తుందే’ అని మేనమనవడికి శబ్దవేగం పాఠం మొదలెట్టింది. ఆ పూట ఆవిణ్ని ఎవరూ తోయలేదు, ఎవరూ మోయలేదు. మేమే ఆవిడ గదికి వెళ్లాం చూడటానికి.

రేవుల్లో ఆటుపోట్లు

గది కుదిరితే సగం పనే అయినట్టు. మిగతా సగం రేవుల దగ్గర. కొన్ని ఊళ్లలో ఓడ రేవుకి ఆనుకోదు, నడిసముద్రంలో ఆగుతుంది. చిన్న పడవల్లోకి దిగి ఒడ్డుకు వెళ్లాలి. అలలు ఉన్నరోజు కుర్చీవాళ్లను ఆ పడవల్లోకి ఎక్కించరు. కాబట్టి యాత్ర ఎంచుకునేటప్పుడే ఏ ఊళ్లో రేవు, ఏ ఊళ్లో పడవ అని చూడాలి. మాకు జూనో, స్కాగ్వే, కెచికాన్, విక్టోరియా అన్నీ రేవులే పడ్డాయి.

రేవున్నా సరే, అలాస్కాలో సముద్రం ఊరుకోదు. మన విశాఖలో ఆటుపోట్ల తేడా ఆరడుగుల లోపే. కెచికాన్, జూనోల దగ్గర కొన్ని రోజుల్లో అది ఇరవై అడుగుల దాకా ఉంటుంది. ఉదయం చదునుగా ఉన్న దిగుడు వంతెన మధ్యాహ్నానికి కొండెక్కే దారిలా అవుతుంది. కెచికాన్‌లో మేం దిగబోతుంటే సిబ్బంది ఆపి, ఓ గంటాగి రమ్మన్నారు. నీళ్లు మారాక ఇద్దరు కుర్చీని వెనక్కి తిప్పి జాగ్రత్తగా దించారు. స్కాగ్వేలో 1900 సంవత్సరంలో పూర్తయిన వైట్‌పాస్ రైలుంది. బంగారం కోసం ఎగబడిన కాలంలో వేసిన మూడడుగుల బుల్లి పట్టాల దారి. సుమారు 2,900 అడుగుల ఎత్తుకు లోయల అంచున పాకుతూ వెళ్తుంది. కుర్చీని పైకెత్తే లిఫ్టున్న పెట్టె అందులో ఉంది, ముందే చెప్పి ఉంచుకోవాలి.

విక్టోరియా గురించి ఒక హెచ్చరిక. అది కెనడాలో ఉంది. విదేశీ జెండా ఉన్న ఓడలు అమెరికా రేవులోనే బయల్దేరి అక్కడికే తిరిగి రావాలంటే మధ్యలో పరాయి దేశపు రేవు ఒకటి తాకాలని 1886 నాటి అమెరికా చట్టం. అందుకే సియాటెల్ ఓడలు చాలావరకూ అక్కడ ఆగుతాయి. మనం ఓడ దిగకపోయినా సరే, భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి కెనడా వీసా కావాలి. అమెరికా వీసా మళ్లీ లోపలికి రానిచ్చేదై ఉండాలి. గది పదకొండు నెలల ముందు కొన్నవాళ్లు వీసా సంగతి పదకొండు రోజుల ముందు గుర్తుచేసుకుని ఆగిపోయిన కథలు సియాటెల్ తెలుగువాళ్ల దగ్గర బోలెడు.

ఎక్కిన రోజే జరిగే అత్యవసర కవాతులో తప్పకుండా ఒక మాట చెప్పి ఉంచాలి. నిజంగా ప్రమాదమొస్తే లిఫ్టులు వాడరు. మెట్లు దిగలేనివాళ్ల గది నంబర్లు సిబ్బంది దగ్గర ఉంటే వాళ్లే కుర్చీ తీసుకుని వస్తారు. అమ్మ ‘నేను నడవగలను’ అని పేరు రాయించుకోనంది. పెద్దమ్మ రాయించింది, ఇద్దరివీ.

ఇప్పుడు మన విశాఖకూ క్రూయిజ్ టెర్మినల్ ఉంది. 2023లో ప్రారంభమైంది. అంతకు ముందే, 2022 జూన్‌లో, కార్డీలియా కంపెనీ ‘ఎంప్రెస్’ ఓడ విశాఖ నుంచి చెన్నైకి ప్రయాణికుల్ని తీసుకెళ్లింది. ఆ ఓడ 1990లో తయారైంది. అంటే సుప్రీంకోర్టు తీర్పుకి పదిహేనేళ్ల ముందు. పాత ఓడల్లో గదులు చిన్నవి, నడవాలు ఇరుకు. కుర్చీతో వెళ్లేవాళ్లు కొత్త ఓడలకన్నా వీటి గురించే ఎక్కువ ప్రశ్నలు అడగాలి. గది తలుపు ఎంత? బాత్‌రూమ్ గడప ఎంత? మంచం నేలనుంచి ఎంత ఎత్తు, దానికి ఎన్ని వైపుల దారి? రేవులో వంతెన మెట్లా, ఏటవాలా? బ్యాటరీ స్కూటర్ అయితే గదిలోనే పెట్టుకోవాలి, నడవాలో వదలనివ్వరు కాబట్టి దాని కొలతలూ పంపాలి.

పెద్దమ్మ తెనాలి వచ్చిన వారానికే ఫోన్‌చేసింది. విశాఖ ఓడ గురించి పేపర్లో చదివిందట. నంబర్ కనుక్కుని చెప్పమంది. టేపు ఇంకా డైనింగ్ టేబుల్ మీదే ఉందట.